గడప మీద మూడు చుక్కలు

మొండయ్య భయస్తుడంటే వాళ్ల ఊళ్లో ఎవరూ నమ్మరు. పద్నాలుగో ఏట నడుముకు మోకు చుట్టుకుని కల్లు గీయడానికి తాడిచెట్టెక్కిన మనిషి. గాలికి చెట్టు ఊగుతుంటే పైన మట్టల మధ్య తీరిగ్గా కూర్చుని బీడీ కాల్చేవాడు. అలాంటివాడు సౌదీకి వచ్చిన పదకొండేళ్లలో తలుపు చప్పుడైతే ఉలిక్కిపడటం నేర్చుకున్నాడు. పోలీసు బండి కనపడితే చాలు, జేబులో ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు ఉందో లేదోనని తడుముకుంటాడు. ఉంటుంది. అయినా ఇంకోసారి తడుముకుంటాడు. చెట్టు మీద ఎక్కడ పట్టుకోవాలో తెలుసు, ఇక్కడ అదే తెలియదు అంటాడు.

చెట్టు దిగింది భయంతో కాదు, భార్య గౌరవ్వ మాటకి. జగిత్యాల దగ్గర వాళ్ల పల్లెలో ఒక వానాకాలం పొద్దున, మొండయ్య కళ్లెదుటే అతని అన్న తాడి మీద నుంచి పడి చనిపోయాడు. దినాలయ్యేలోపే గౌరవ్వ మోకు తీసుకెళ్లి ఎక్కడో దాచేసింది. మళ్లీ చెట్టెక్కితే బావిలో దూకుతానంది. అన్నంత పనీ చేసే మనిషి ఆమె. దాంతో మొండయ్య టైల్స్ పని నేర్చుకుని, వీసా సంపాదించి, రాస్ తనూరాలో తేలాడు. ఆయిల్ కంపెనీకి కాంట్రాక్టు పనులు చేసే ఒక సంస్థ, తన విదేశీ ఇంజనీర్ల కోసం ఇరవై విల్లాల కాంపౌండు నడుపుతుంది. ఆ కాంపౌండులో పగిలిన టైలు, కారే నల్లా, బిగుసుకున్న తలుపు అన్నీ మొండయ్యవే.

అక్కడి ఖర్జూరపు చెట్లకు ఎండుమట్టలు కొట్టాల్సి వచ్చినప్పుడు మిగతావాళ్లు క్రేన్ అడిగారు. మొండయ్య ఒక తాడు అడిగాడు. తాడును తనకూ చెట్టుకూ కలిపి చుట్టి, యాభై దాటిన వయసులో ఊపిరి తిప్పుకునేంతలో పైకి పోయాడు. పదకొండో నంబరు విల్లా మేడ మీద కాఫీ తాగుతున్న ఒక ముసలి ఇంజనీరు కప్పు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. ఆయన పేరు దువార్తె. పోర్చుగల్ దేశస్థుడు, భార్య లేదు, పైపుల అతుకులు సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించే ఉద్యోగం.

మర్నాడు ఆయన ఇంట్లో నల్లా చెడిపోయింది. దాన్ని ఆయనే చెడగొట్టాడని మొండయ్య అనుమానం. నల్లా బిగించేంతసేపూ ఆయన వచ్చీరాని హిందీలో ప్రశ్నలే ప్రశ్నలు. ఎక్కడ నేర్చుకున్నావు, ఎందుకు ఎక్కేవాడివి? మొండయ్య లేచి ముందు కిటికీ మూశాడు. అప్పుడు గొంతు తగ్గించి కల్లు గురించి చెప్పాడు. పొద్దున దించితే తియ్యగా ఉంటుందని, ఎండెక్కేకొద్దీ పులుస్తుందని, ఏ చెట్టు కల్లు రుచి ఆ చెట్టుదేనని, వాళ్ల నాయిన కళ్లు మూసుకుని తాగి ఇది ఫలానా గట్టు మీది చెట్టు అని చెప్పేవాడని.

ఇంజనీరు ఆ మాటకి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. వాళ్లదీ అలాంటి ఇల్లేనట. ఒక నది ఒడ్డున కొండల్ని మెట్లు మెట్లుగా చెక్కి, ముత్తాత నాటిన ద్రాక్షతోట. బయటి కంపెనీ చేతికి ఇవ్వలేదు. తండ్రి పోయాక చెల్లెలు, ఆమె పిల్లలు చూసుకుంటున్నారు. కాయ కోతకొచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ రాతి తొట్లో దిగి వైన్ కోసం కాళ్లతో తొక్కుతారు. ఫోన్‌లో ఫొటో చూపించాడు. తొడల దాకా ఊదారంగు అంటుకున్న ఒక ముసలాయన నవ్వుతున్నాడు. మొండయ్యకు తన నాయిన గుర్తొచ్చాడు. మోకు రాపిడికి కాయలు కాసిన ఆ ఛాతీ కళ్ల ముందు మెదిలింది.

అలా కుదిరింది ఇద్దరికీ. వారం వారం పదకొండో నంబరులో ఏదో ఒకటి చెడిపోయేది. మొండయ్య వెళ్లేవాడు, కిటికీ మూసేవాడు, కల్లు ముచ్చట మొదలయ్యేది. మాటకే ఇంత భయమా అని నవ్వకండి. భయానికి కారణం ఉంది, దాని పేరు అల్తాఫ్ సాబ్.

అల్తాఫ్ ఆ కాంపౌండుకు సూపర్‌వైజరు. సొంతూరు కోరుట్ల, మొండయ్య ఊరికి బస్సులో గంట దూరం. తెలుగు మనలాగే మాట్లాడతాడు. ఐదు పూటలా నమాజు తప్పడు, ఒక్క అబద్ధం ఆడడు, ఎదుటివాడు ఆడితే సహించడు. రెండేళ్ల కింద ఒకడి గదిలో సారా సీసా దొరికితే స్వయంగా పోలీసులకు ఫోన్ చేశాడు. వాడి పెట్టె కూడా తనే సర్ది ఇచ్చాడు. అంతకుముందు జుబైల్‌లో మొండయ్య ఊరివాడే లక్ష్మణ్ ఇలాగే దొరికి, ఎనిమిది నెలలు జైల్లో ఉండి, వేలిముద్రలు ఇచ్చి, కట్టుబట్టలతో ఇంటికి పోయాడు. ఇప్పటికీ రాత్రిళ్లు కేకలు పెడతాడట. ఆ ఎనిమిది నెలలు అనే లెక్క మొండయ్య తలలో మేకులా ఉండిపోయింది.

ఈమధ్య ఆ లెక్క మరీ భయపెడుతోంది. గౌరవ్వకు కళ్ల నరం ఎండిపోతోంది. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటికి మూడు నెలలో, నాలుగో చెప్పలేమని జగిత్యాల డాక్టరు అన్నాడు. మందులతో ఆగేది కాదట. మూడేళ్లుగా ఇంటి మొహం చూడని మొండయ్యకు ఆమె ఫోన్లో ఒకే మాట చెప్పింది. "నా కన్ను బందుగాక ముందు ఒక్కసారొచ్చి మొకం సూపెట్టిపో." ఆ మాట పట్టుకుని అల్తాఫ్ కాళ్లా వేళ్లా పడ్డాడు. అల్తాఫ్ డాక్టరు చీటీ జత చేసి సెలవు మంజూరు చేయించాడు. టికెట్టు వచ్చింది, వెళ్లి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీ ఎంట్రీ అనుమతి పడింది. ఇక పదిరోజులే. ఈ పదిరోజులూ తల వంచుకుని, ఎవరి కంటా పడకుండా గడిపేస్తే చాలు.

సరిగ్గా అప్పుడే దువార్తె పిలిచాడు.

ఆ శుక్రవారం ఆయన ప్రయాణం, ఇక తిరిగిరాని ఫైనల్ ఎగ్జిట్. సాయంత్రం దమ్మాంలో విమానం. మధ్యాహ్నం జుమ్మా నమాజు వేళ, కాంపౌండులో పురుగు కూడా తిరగని ఎండలో, వంటింటి నల్లా చూడమని కబురు. మొండయ్య సంచీ తీసుకుని వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్లాడు. నల్లా బాగానే ఉంది. బల్ల మీద రెండు గాజు గ్లాసులు, మధ్యలో నల్లటి సీసా.

అదేంటో అడగాల్సిన పని లేకపోయింది. మొండయ్య తలుపు వైపు ఒకసారి చూసుకున్నాడు. సీసా మీద కాగితం, దాని మీద ఒక రాతి ఇల్లు బొమ్మ. ఫొటోలో చూసిన ఇల్లే. దువార్తె మెల్లగా చెప్పుకొచ్చాడు. పదమూడేళ్ల కిందటిది, వాళ్ల నాయిన చివరిసారి తొట్లో దిగి తొక్కిన పంట. ఆ తర్వాత వచ్చిన చలికాలంలో ఆయన పోయాడు. ఈ సీసా ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పలేదు, మొండయ్య అడగలేదు. ఒంటరిగా తాగడానికి మనసొప్పలేదట. తోటి ఇంజనీర్లకిస్తే బాగుందని అంటారు, అంతే. రుచి చూసి ఇది ఏ గట్టు మీదిదో చెప్పే మనిషి ఈ దేశంలో ఒక్కడే ఉన్నాడు అన్నాడు.

వద్దు సాబ్ అనాలి. మొండయ్య నోరు తెరిచాడు కూడా. పదిరోజులు, గౌరవ్వ, లక్ష్మణ్ కేకలు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. కానీ ఆ ముసలాయన తుడిచిన గ్లాసునే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. పెద్ద ఇంజనీరు, తన కింద వందమంది ఉన్న మనిషి, ఒక టైల్స్ పనివాడిని మొహమాటంగా బతిమాలుతున్నాడు. తన నాయిన చివరిసారి దించిన కల్లు ఎవరైనా పదమూడేళ్లు దాచి తెచ్చిపెడితే తను కాదంటాడా? మొండయ్య వెనక తలుపు గొళ్లెం పెట్టాడు, కర్టెను లాగాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోక, గడప పక్కనున్న చిన్న పీట మీద ముడుచుకుని కూర్చున్నాడు. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు, నేనప్పటికి ఆకాశంలో ఉంటాను అని ఇంజనీరు నవ్వాడు. మొండయ్యకు నవ్వు రాలేదు.

గ్లాసు చేతికొచ్చింది. అడుగున నాలుగు వేళ్ల మేర, నేరేడు రసంకన్నా కాస్త లేత రంగు. తాగబోయేముందు ఏం జరిగిందో మొండయ్యకు ఆ క్షణాన తెలియనే తెలియదు. కళ్లు సీసా మీదే ఉన్నాయి, చెవులు బయటి చప్పుళ్ల మీద ఉన్నాయి. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది. గ్లాసును గడప మీద మూడుసార్లు వంచి, ఆ తర్వాతే నోటి దగ్గరికి తెచ్చుకుంది. దువార్తె చూశాడు. ఏదో వాళ్ల ఆచారం కాబోలనుకుని, అడక్కుండా ఊరుకున్నాడు.

ముందు వాసన చూశాడు. వాన పడి ఆగిన మట్టి, ఎక్కడో ఎండిన పువ్వు, కట్టెల పొయ్యి చల్లారాక మిగిలే వాసన. నాలుక మీద వేసుకుంటే అది తొందరపడలేదు. కల్లులా గొంతులోకి దూకలేదు, సారాలా కాల్చలేదు. నెమ్మదిగా నోరంతా పరుచుకుంది. చివర్లో నేరేడు తొక్క నమిలినట్టు చిగుళ్లు చిన్నగా బిగిశాయి. మింగాక కూడా పోలేదు, అలాగే కూర్చుంది. మొండయ్య కళ్లు మూసుకున్నాడు. భయంతో కొట్టుకుంటున్న గుండె కొట్టుకుంటూనే ఉంది, కానీ నాలుక మాత్రం ఏ భయమూ లేకుండా వాళ్ల నాయిన చెప్పినట్టు వెతుక్కుంటూ పోయింది.

"రాళ్ల జాగల పెరిగింది సాబ్. నీళ్లు దొర్కక వేరు లోపలికి పోయింది. ముసలి చెట్టు. పొద్దుగూకేదిక్కు మొకం వెట్టుకొని ఉంటది," అన్నాడు. హిందీలో అనాలని తోచలేదు, తెలుగులోనే అనేసి, తర్వాత చేతులతో, హిందీతో అర్థమయ్యేలా చెప్పాడు. ఇంకో గుటక వేసి, మెత్తగా ఉంది గానీ మెతక కాదు అని కలిపాడు.

దువార్తె సీసా మీది ఇంటి బొమ్మ మీద వేలు పెట్టాడు. పడమటి వాలు, పలకరాళ్ల నేల, ముత్తాత నాటిన తీగలు అని ఒక్కొక్కటే ఒప్పుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మొండయ్య కూడా చూడనట్టే ఉండి తల దించుకున్నాడు. ఆ పావుగంట సంతోషంగా గడిచిందని చెప్పాలి. భయం లేదని కాదు, భయంతో కలిసే సంతోషంగా ఉంది.

ఆ తర్వాత అంతా పరుగే. మిగిలింది నీళ్లతో కలిపి తూములో పోశారు. కాగితం ఊడబీకి ఇంజనీరు పర్సులో దాచుకున్నాడు. సీసాను మొండయ్య తువ్వాలలో చుట్టి సుత్తితో నలగ్గొట్టి, పగిలిన టైల్స్ సంచిలో కలిపేశాడు. పచ్చి ఉల్లిగడ్డ ఒకటి కరకరా నమిలాడు, కళ్లలో నీళ్లు తిరిగినా ఇంకొకటి నమిలాడు. సాయంత్రం దువార్తెను దమ్మాం తీసుకెళ్లడానికి కడప డ్రైవరు మస్తాన్ వలీ బండి తెచ్చాడు. మొండయ్య గది మనిషే. పెట్టెలు ఎక్కిస్తున్నంతసేపూ మొండయ్య నోరు విప్పలేదు. "ఏమప్పా మొండయ్యా, మాట పడిపోయిందా?" అన్నాడు మస్తాన్. మొండయ్య పంటినొప్పి అన్నట్టు దవడ పట్టుకున్నాడు. దువార్తె వెళ్లేముందు ఆ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు.

బండి గేటు దాటింది. హమ్మయ్య అనుకున్నాడు మొండయ్య. నీళ్ల వాల్వు కట్టేసి, ఏసీలు ఆపేసి, వెనక గుమ్మం దగ్గరికొచ్చి గడప మీద కాలు పెట్టబోయి ఆగిపోయాడు.

తెల్లటి పాలరాయి గడప. దాని మీద మూడు చుక్కలు, వరసగా. ఎరుపు పోయి నీలం బూడిద రంగులోకి తిరిగాయి.

తన చేతిని తనే చూసుకున్నాడు. సాక! తాగేముందు మూడు చుక్కలు నేలకు పోయకుండా వాళ్ల నాయిన ఏనాడూ తాగలేదు, తాత తాగలేదు, తనూ తాగలేదు. ఎల్లమ్మకు, భూదేవికి, పోయిన పెద్దలకు. మట్టి నేలైతే ఆ చుక్కలు ఇంకిపోయి ఆనవాలు లేకుండా పోయేవి. ఇది పాలరాయి. ఆ గడప ఆరేళ్ల కింద తనే వేశాడు. పాలరాయి తాగుతుందని, పులుపు తగిలితే నునుపు తినేస్తుందని అందరికన్నా అతనికే బాగా తెలుసు. ఐదు గంటలు తాగనిచ్చాడు.

గుడ్డతో తుడిచాడు, సబ్బుతో రుద్దాడు. చుక్కలు చెక్కుచెదరలేదు. స్టోరులోంచి చాక్ పొడి, పెరాక్సైడు తెచ్చి ముద్దగా కలిపి పట్టు వేశాడు. ఆరేదాకా గడప పక్కనే చతికిలబడి కూర్చున్నాడు. ఆదివారం పొద్దున అల్తాఫ్ వస్తాడు. ఖాళీ అయిన ప్రతి విల్లానూ తనిఖీ కాగితం చేత్తో పట్టుకుని అంగుళం అంగుళం చూస్తాడు, పట్టపగలు టార్చి వేసి చూస్తాడు. గడప మార్చేద్దామా? వర్క్ ఆర్డరు లేకుండా గడప ఎందుకు కొట్టావని అడుగుతాడు. అంతకన్నా అనుమానం ఏముంటుంది?

శనివారం మళ్లీ పట్టు వేశాడు. రంగు చాలావరకు పోయింది. కానీ వెలుతురుకు వాలి చూస్తే మూడు చోట్ల నునుపు పోయి గరుకు తేలింది. మొండయ్యకు అన్నం సహించలేదు. ఏ రాయి వైపు చూసినా కనపడేది ఆ మూడే. గౌరవ్వ ఫోన్ చేసి పెట్టె సర్దుకున్నావా అనడిగింది. సర్దుకున్నా అన్నాడు. ఒకే మాట నూరుసార్లు వల్లె వేసుకున్నాడు. సాబ్ ఏదో పారబోసుకున్నాడు, నేను చూడలేదు. సాబే చెప్పమన్నాడుగా, ఆయనకేం నష్టం? ఎక్కడో తన నది ఒడ్డున హాయిగా కూర్చుని ఉంటాడు. అయినా ఆ మాట అనుకున్నప్పుడల్లా ఆయన చెయ్యి నొక్కడం గుర్తొచ్చి, నోరు చేదయ్యేది.

ఆదివారం తొమ్మిదింటికి అల్తాఫ్ వచ్చాడు. పడకగదులు చూశాడు, అలమరాలు తెరిచాడు, తూముల్లోకి టార్చి వేశాడు. వెనకే నడుస్తున్న మొండయ్య చొక్కా వీపుకు అతుక్కుపోయింది. వంటిల్లు చూసి, తలుపు తెరిచి, గడప దాటబోతూ అల్తాఫ్ కిందికి చూశాడు. టార్చిని పక్కకు వాల్చాడు.

"ఇదేంది మొండయ్యా?"

"ఇంజనీర్ సాబ్ ఏమో పారవోసుకున్నడు సార్. నేను సూడలే."

వల్లె వేసుకున్న మాట చక్కగా, తడబడకుండా వచ్చింది. అల్తాఫ్ టార్చి ఆర్పాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని గడప ముందు కూర్చున్నాడు. వేలితో మొదటి చుక్కను తాకాడు, రెండోది తాకాడు, మూడోది తాకాడు. కోరుట్లలో వాళ్ల ఇంటి గోడ పక్కనే కల్లు అమ్మే మండువ ఉండేది. వాళ్ల నాయిన కిటికీలకు మేకులు కొట్టించినా, సందుల్లోంచి పదేళ్లపాటు చూసిన మనిషి అతను. సౌదీలో ఇంకెవరు చూసినా అది మరక. అల్తాఫ్ మాత్రం దాన్ని చదవగలడు. మొండయ్యకు ఆ సంగతి అప్పుడు తట్టింది.

అల్తాఫ్ తలెత్తకుండానే అడిగాడు. "పోర్చుగల్ల గూడ సాక వోస్తరా, మొండయ్యా?"

 మొండయ్య గోడకు ఆనుకుని అలాగే కిందికి జారాడు. ఇంక చెప్పడానికి అబద్ధం లేదు, చెప్పే ఓపికా లేదు.

"నేనే వోసిన సార్. నేనే తాగిన. ఆయన మనసుల చెడ్డ లేదు, దోస్తానకొద్ది ఇచ్చిండు. దేశం ఇడిచి పోయినోని మీద పెట్టిన. తప్పయింది."

 అల్తాఫ్ మొహం ఎర్రబడింది. జేబులోని ఫోను మీద చెయ్యి ఉంది. మొండయ్య ఆ చేతినే చూస్తున్నాడు. ఎనిమిది నెలలు. అప్పటికి కుడి కన్ను కూడా పోతుంది. గొంతు విని మనిషిని గుర్తుపడుతుంది, అంతే.

"మీ ఆమెకింక కనవడుతున్నదా?" అన్నాడు అల్తాఫ్.

"ఒక కన్ను సార్. అది గూడ సగం."

అల్తాఫ్ లేచాడు. సమ్మెట తెమ్మన్నాడు. తెచ్చాక గడప చూపించి కొట్టమన్నాడు. మొండయ్య తను వేసిన రాయిని తనే కొట్టాడు. మూడో దెబ్బకు విరిగింది. అల్తాఫ్ కాగితం మీద గడప దగ్గర పగులు అని రాసి, కారణం అని ఉన్న చోట కలం ఆపి మొండయ్య వైపు చూశాడు. నిజంగా పగిలిన రాయి గురించి అతను అబద్ధం రాయడం లేదు. కానీ ఎవరి పేరు రాయాలో చెప్పాల్సింది మొండయ్యే.

"మొండయ్య చేతుల పగిలిందని రాయుండ్రి," అన్నాడు మొండయ్య.

అలాగే రాశాడు. ఆ తర్వాత అల్తాఫ్ చేసిన పనికి మొండయ్య పైప్రాణాలు పైనే పోయాయి. చుక్కలున్న అరచేయంత ముక్కను ఏరి, రుమాలులో చుట్టి, తన జేబులో వేసుకున్నాడు. కాగితం మడిచి వెళ్లిపోయాడు.

ఎందుకు తీసుకున్నాడు? ఎవరికి చూపిస్తాడు? పోలీసులకా, మేనేజరుకా? అడిగే ధైర్యం లేదు. ఆ వారమంతా మొండయ్య కొత్త గడప వేశాడు, నల్లాలు బిగించాడు, ప్రతి బండి చప్పుడుకీ చేతిలోది జారవిడిచాడు. అల్తాఫ్ ఎదురుపడితే సలాం చేశాడు. అతను తల ఊపాడు, అంతే. మస్తాన్ వలీ పంటినొప్పి తగ్గిందా అని రోజూ అడిగాడు. తగ్గలేదనే చెప్పాడు.

ప్రయాణం రోజు పొద్దున అల్తాఫ్ ఆఫీసులో టికెట్టు, ఎగ్జిట్ రీ ఎంట్రీ కాగితం ఇచ్చి, వాటితోపాటు పాత పేపరులో చుట్టిన చిన్న పొట్లం చేతిలో పెట్టాడు. గట్టిగా, బరువుగా ఉంది. ఇంటికి పోయాక విప్పమన్నాడు. మొండయ్యకు అదేమిటో విప్పకుండానే తెలిసింది. దమ్మాం ఎయిర్‌పోర్టులో అది మెషీన్‌లోంచి పోతుంటే ఊపిరి బిగబట్టాడు. అధికారి ఆ పొట్లం పైకి తీసి ఇదేంటన్నాడు. "హజర్," అన్నాడు మొండయ్య. రాయి. అధికారి మడత విప్పి, చూసి, నవ్వి, సంచిలోకి విసిరేశాడు. విమానం లేచాక కూడా మొండయ్య గుప్పిళ్లు విప్పలేదు.

మర్నాడు ఎండపొద్దులో ఇల్లు చేరాడు. గౌరవ్వ వాకిట్లో కూర్చుని, తల ఒక పక్కకు వంచి, ఒక కంటితో అతన్ని వెతుక్కుంది. దొరికాడు. చాలాసేపు చూసి, నల్లబడ్డావ్ అంది. కాళ్లు కడుక్కుని వచ్చి మొండయ్య పొట్లం విప్పాడు. పేపరు లోపలి వైపు కలంతో తెలుగులో ఒకే ముక్క రాసి ఉంది. నీది నీ దగ్గరనే ఉంచుకో.

రాయి గౌరవ్వ తీసుకుంది. కంటి దగ్గర పెట్టుకుంది గానీ దాని మీద ఏముందో చూపుకు ఆనలేదు. బొటనవేలితో తడిమింది. ఒక గరుకు, ఇంకో గరుకు, మరొకటి. వేలు అక్కడే ఆగింది.

"సాక వోసినవా?"

మొండయ్య ఇక దాచలేదు. మూసిన కిటికీల దగ్గర మొదలుపెట్టి, ముసలాయన బతిమాలడం, పడమటి గట్టు, పచ్చి ఉల్లిగడ్డలు, అల్తాఫ్ వేలు అన్నీ చెప్పాడు. వెళ్లిపోయినవాడి మీదికి నెట్టిన సంగతి కూడా చెప్పాడు. అది చెప్పేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

గౌరవ్వ రాయి ఒళ్లో పెట్టుకుని అతని గడ్డం పట్టి వెలుతురు వైపు తిప్పింది. "ఇటు సూడు. అబద్ధమాడిన మొకం ఎట్లుంటదో సూడనియ్యి," అంది.

పదిరోజులుగా దాచుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది. యాభై మూడేళ్ల మనిషి, భుజాలు ఎగిసిపడేలా ఏడ్చాడు. గౌరవ్వ గడ్డం వదల్లేదు.

"ఏడ్వకు. కదిలితె నాకు కనవడవు."